ఎదుటి జట్టువారి మరణము

పల్లెలయందు పెండ్లికి పిలుపు కావలెను; చావునకు పిలుపుతో పనిలేదు. ఎల్లంతకుంటలోనైనను, వేములవాడ చుట్టుపట్ల మఱి యే యూరిలోనైనను ఇది యెవరును వ్రాసిపెట్టిన శాసనము కాదు. గెట్టు పంచాయతీతో పదియేండ్లుగా కోర్టు మెట్లు ఎక్కుచు దిగుచున్న పాలివాడు సైతము, డప్పు చప్పుడు చెవిని పడినంతనే తువాలు భుజముపై వేసికొని యా యింటి ముంగిట వచ్చి నిలుచును. అతడు మాటాడడు, మాటాడుమని యెవరును కోరరు. పొయ్యి రాజుకొనని యా యింటికి పక్కయిండ్లనుండి అన్నము పోవును. మఱునాడో, దశదినముల పిమ్మటనో గెట్టు తగవు యథాప్రకారము మొదలగును. ఆ తగవు న్యాయమైనదే కావచ్చును. అయినను శవము వాకిట నుండగా గెట్టు సంగతి యెత్తినవానిని ఊరు క్షమింపదు.

ఈ యెఱుక ఆటల మైదానమునకు చేరునప్పటికి ఏమగుచున్నదన్నది విచారింపదగిన ప్రశ్న. వినోదముకొఱకు పుట్టిన యాటలో ఎదుటి జట్టువారు ప్రమాదమున మరణించినప్పుడు, ఆ మరణమును పాటగా కట్టి పాడి నవ్వువారు లోకములో గలరు. వారు దొంగలు కారు, హంతకులు కారు. ఇంటికి పోయి బిడ్డలను ముద్దాడువారే.

తెలుగు నేలకు కాలిబంతి యాట క్రొత్తది కాదు. సయ్యద్ అబ్దుల్ రహీము శిక్షణలో హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదుమార్లు బొంబాయిలో రోవర్స్ కప్పును గెలిచిన కాలమొకటి యుండెను. నేటి బాలురకు ఆ పేరు తెలియదు గాని, చేతిలోని ఫోను పుణ్యమా యని ఇంగ్లండు జట్టుల పేర్లు అరుగుల మీదికి వచ్చినవి. ఆటతోబాటు ఆ జట్టుల పగలును, ఆ పగల పాటలును వచ్చుచున్నవి. కావున వాని కథ కొంత తెలిసికొనుట మంచిది.

1958వ సంవత్సరము ఫిబ్రవరి 6వ తేదీన మాంచెస్టరు యునైటెడ్ జట్టు బెల్‌గ్రేడులో ఆడి విమానమున స్వదేశమునకు మరలుచు, ఇంధనము నింపుకొనుటకై జర్మనీలోని మ్యూనిక్ నగరమున దిగెను. రన్‌వే మీద కరగిన మంచు బురదవలె పఱచుకొని యుండెను. రెండుమార్లు ఎగురబోయి ఆగిన యా విమానము మూడవమారు నేలను విడువలేక, కంచెను త్రెంచుకొని పోయి ఒక యింటిని ఢీకొనెను. అందున్న 44 మందిలో 23 మంది మరణించిరి. వారిలో ఎనమండుగురు ఆటగాండ్రు. డంకన్ ఎడ్వర్డ్స్ అను 21 ఏండ్ల యువకుడు పదునైదు దినములు ఆసుపత్రిలో మృత్యువుతో పెనగి కన్నుమూసెను.

నాడు ప్రత్యర్థులు చేసిన పని చెప్పుకొనదగినది. ప్రబల ప్రత్యర్థియైన లివర్‌పూలు, జట్టు నిలబడుటకై తన యాటగాండ్రను ఎరువిచ్చెదనని ముందుకు వచ్చెను. అందఱకు తెలిసిన పగ అప్పటికి అంత ముదరలేదని కొందఱందురు. కావచ్చును. పగ ముదిరిన పిమ్మట జరిగినది మాత్రము వేఱు. ఆ ప్రమాదమును కన్నులార చూడనివారు, అప్పటికి పుట్టనైనను పుట్టనివారు, ప్రేక్షకుల వరుసలలో నిలిచి రెండు చేతులను విమానపు రెక్కలవలె చాపి ఊగుచు, మ్యూనిక్ అను పేరును తిట్టుగా మార్చి పాడిరి. అట్లు పాడినవారిలో అదే నగరమునకు చెందిన మాంచెస్టరు సిటీ యభిమానులును కొందఱుండిరి.

ఇచ్చట ఒక సంగతి గలదు. ఆ విమానములో మరణించినవారిలో ఫ్రాంక్ స్విఫ్ట్ అను నాతడొకడు. అతడు ఆనాటికి పత్రికా రచయితగా ప్రయాణము చేయుచుండెను. అంతకు ముందు తన క్రీడాజీవితమంతయు గోలుకీపరుగా కాపాడినది మాంచెస్టరు సిటీ జట్టునే. ఆ యభిమానులు ఎదుటివారి చావని నవ్వినది తమ గోలుకీపరు చావునకు కూడ. వారి నోటినుండి వెడలిన యెగతాళి వారి తాతలు చప్పట్లు కొట్టిన వానిపైననే పడినది. గాయపడి బ్రదికిన యునైటెడ్ శిక్షకుడు మాట్ బస్బీ సైతము యౌవనమున సిటీకిని, లివర్‌పూలునకును ఆడినవాడే. శత్రువు అని గీచిన గీటు ఎంత పలుచనిదో మరణము చూపినంతగా మఱి యేదియు చూపదు.

లివర్‌పూలు వారికిని తమ దుఃఖము వచ్చెను. 1989 ఏప్రిలు 15న షెఫీల్డు నగరమునందలి హిల్స్‌బరో మైదానమున కిక్కిరిసిన ఆవరణలలో నలిగి ఆ జట్టు అభిమానులు మరణించిరి. ఆ గాయముల వలన పిదప 2021లో మరణించినవానితో కలిపి మృతుల సంఖ్య 97. ఒకే యూరిలో అప్పట్లో ఒక తోటకు ఆవలయు నీవలయు నుండిన ఎవర్టను జట్టు లివర్‌పూలునకు ప్రత్యర్థి. ప్రమాదము జరిగిన వారమునకు ఆ రెండు జట్టుల మైదానముల నడుమ, తోట మీదుగా, ఎఱ్ఱని కండువాలను నీలపు కండువాలను ముడివైచి దాదాపు మైలు పొడవున దండ కట్టిరి. ఎవరి కండువా యెక్కడ ముగిసి యెవరిది యెక్కడ మొదలైనదో చూచువారికి తెలిసియే యుండును, రంగులు వేఱు గనుక. రంగులు మాపుకొనుమని యెవరును ఎవరిని అడుగలేదు.

కాని హిల్స్‌బరో మృతులపైనను పాటలు పుట్టినవి. అవి పుట్టుటకు ఒక అబద్ధము తోడయ్యెను. త్రాగి తోసికొనిన అభిమానులదే తప్పని తొలిదినములలోనే కొందఱు అధికారులు చెప్పగా కొన్ని పత్రికలు వ్రాసెను. అది నిజము కాదని, మృతులు అన్యాయముగా చంపబడిరని, అభిమానుల నడవడి ప్రమాదమునకు కారణము కాదని 2016 ఏప్రిలు 26న జూరీ తేల్చెను. ఇరువది యేడేండ్లు పట్టెను. ఎగతాళి చేయువాడు తఱచుగా ఇట్టి యబద్ధమును ఆసరాగా కోరుకొనును. చచ్చినవాడు తన తప్పువలననే చచ్చెనని నమ్మినచో నవ్వుటకు అడ్డు తొలగును.

ఈ సంగతిలో మనవారు వేఱొకరిని వ్రేలెత్తి చూపుటకు వీలులేదు. మనకు కాలిబంతి జట్టులకు బదులు చిత్రనటులు గలరు. 2024 డిసెంబరు 4వ తేదీ రాత్రి హైదరాబాదులోని సంధ్య థియేటరువద్ద ఒక చిత్రపు ముందస్తు ప్రదర్శన వేళ తొక్కిసలాటలో ఒక తల్లి మరణించెను. ఆమె కుమారుడు ప్రాణాపాయస్థితిలో ఆసుపత్రి పాలయ్యెను. ఆ మరణమును చూచి కంటనీరు పెట్టినవారు లక్షలు. ఫలానా నటుని యభిమానులకు తగిన శాస్తి జరిగెనని, పసివానిని వెంటబెట్టుకొని ఆమె ఎందుకు పోవలెనని అనినవారును లేకపోలేదు. ఆ రెండవ మాట హిల్స్‌బరోలో పుట్టిన యబద్ధమునకు తోబుట్టువు. ఒక తల్లి కొడుకు ముచ్చట తీర్చుటకు పోయినది. అంతకు మించి ఆమె చేసిన నేరము లేదు.

ఎగతాళి చేయువారు మూడు సమాధానములు చెప్పుదురు. మొదటిది, ఇది ఆట, ఆటలో మాటలకు అర్థము వెదకరాదన్నది. ఇందులో కొంత సత్యము లేకపోలేదు. మైదానమున ‘వీనిని చంపుము’ అని యరచినవాడు నిజముగా చంపుమనుట లేదు. కాని జరిగిన మరణము మాట కాదు. ఆ 97 మంది తల్లులలో, తోబుట్టువులలో కొందఱు నేటికిని ఆ మైదానమునకే వచ్చి కూర్చుందురు. వారి చెవిని పడుట కొఱకే పాడిన పాట అర్థములేని పాట యెట్లగును? అర్థము లేనిచో దానిని పాడరు, గ్రుచ్చుకొనుననియే పాడుదురు.

రెండవది, మొదట వారే మావారి చావును చూచి నవ్విరన్నది. మ్యూనిక్ పాటకు హిల్స్‌బరో పాట, హిల్స్‌బరో పాటకు మ్యూనిక్ పాట. ఈ లెక్కలో ఇరువైపుల నిజము గలదు గనుకనే ఇది తెగదు. ఇచ్చట నష్టపోవువారు బాకీదారులు కారు. 1958లో చనిపోయినవాడు 1989లోని వారిని ఏమియు అనలేదు. తీర్చుకొనుచున్న పగ పాడువారిది, చెల్లించునది మృతులు.

మూడవ సమాధానము కొంచెము బరువైనది. తనదానిపై గాఢమైన ప్రేమ యున్నవానికి ఎదుటిదానిపై ద్వేషము తప్పదని, ఆ ద్వేషమును తీసివేసినచో ప్రేమయు చప్పబడునని కొందఱు వాదింతురు. వీరశైవులకు ఈ వాదము పరాయిది కాదు, ఏలయనగా నిష్ఠ యన్నది వీరికి ఊపిరివంటిది. ఒకరినే కొలుతుము, మఱియొకరికి తలవంపము అన్నవారి సంతతి వీరు. అట్టి పట్టుదల ఒకొక్కప్పుడు పరులపై కఠినమైన మాటగా మాఱిన తావులు పూర్వగ్రంథములలో లేవనుట సత్యము కాదు. కాని షట్స్థలముల క్రమమును ఒకమారు తలచుకొనవలెను. నిష్ఠాభక్తికి చోటు రెండవదైన మహేశ్వర స్థలము. దానిపైన నాలుగు మెట్లు గలవు. ఆఱవదైన ఐక్య స్థలమునకు చెప్పిన భక్తి పేరు సమరసము. నిష్ఠను విడిచినవాడు ఆ మెట్టునకు చేరడు, నిజమే. నిష్ఠయే కడపటి మెట్టని యచ్చటనే గుడారము వేసికొనినవాడును చేరడు. అదియునుగాక, మరణమును లింగైక్యమని పిలుచు కులమున పుట్టినవానికి చావు ఓటమి కాదు. ఓటమి కానిదానిని చూచి ఎదుటివాడు ఓడెనని యెగురుట యెట్లు?

భారతమున ఈ విషయమై రెండు చిత్తరువులు పక్కపక్కన గలవు. పదవనాడు భీష్ముడు పడినప్పుడు ఇరు సేనలును ఆయుధములు దించి ఆయన చుట్టు చేరినవి. కౌరవులు తెచ్చిన మెత్తని తలగడలను ఆయన కాదనగా, పడవేసిన పక్షమువాడైన అర్జునుడే బాణములతో తలగడ నమర్చెను. మఱునాడు యుద్ధము ఆగలేదు. పదునెనిమిదవనాడు దుర్యోధనుడు తొడలు విఱిగి పడియుండగా భీముడు ఎడమకాలితో వాని తల తన్నెను. భీమునకు కారణములు లేకపోలేదు. ద్రౌపదిని సభకీడ్చిన పగ కంటె పెద్ద కారణమేమి కావలెను? అయినను వారించినది ధర్మరాజు. శత్రువు పక్షమువాడు కాదు, స్వంత అన్న. ఇది గమనింపదగినది. ఎదుటివారు ‘నవ్వకుము’ అన్నచో అది మఱియొక కలహమగును. తనవాడు భుజముపై చేయివైచి అన్నచో మాత్రమే పనిచేయును. గుంపులో నున్నవానికి గుంపులోనివాడే ధర్మరాజు కావలెను.

చట్టము చేయగలిగినది కొంత గలదు. 2023 జూనులో లండనులో జరిగిన ఒక ఫైనలునకు 97 మంది మృతులను పరిహసించు మాటలు గల చొక్కా తొడిగి వచ్చిన మాంచెస్టరు అభిమానిపై కోర్టు జరిమానా వేసి, నాలుగేండ్లు ఆటల మైదానములకు పోరాదని నిషేధించెను. మృతులను పరిహసించు పాటలు నేరము కాగలవని అచ్చటి అభియోగ శాఖ అదే యేట స్పష్టపఱచెను. కాని దుఃఖపడుమని యేచట్టమును ఎవరినీ శాసింపజాలదు. శాసింపనక్కఱయు లేదు. చావు ఇంటి ముంగిట నిలుచు పాలివాని కన్నులలో నీరున్నదా యని ఊరు పరీక్షింపదు. అతడు వచ్చెను, నోరు మూసికొని నిలిచెను. ఊరు కోరినది అంతే. లోపల లేని దుఃఖమును నటించుట కపటమని యనువారు గలరు గాని, నాలుకను పట్టుకొనుట నటన కాదు. ఆకలిగొన్నవాడు ఎదుటివాని కంచమువైపు చేయి చాపకుండుట యెట్లో యిదియు నట్లే.

ఇట్టి మౌనమునకు మంచి యుదాహరణము 2008 ఫిబ్రవరి 10న కనబడెను. మ్యూనిక్ ప్రమాదము జరిగి యేబదియేండ్లు నిండిన ఆ వారమున మాంచెస్టరు జట్టులు రెండును యునైటెడ్ మైదానముననే తలపడవలసి వచ్చెను. ఒక నిమిషము మౌనము పాటింపవలెను. సిటీ యభిమానులు దానిని చెడగొట్టుదురేమోనని అనేకులు భయపడిరి. మౌనమునకు బదులు చప్పట్లు పెట్టిన అరుపులు వినబడవని సలహా యిచ్చినవారును గలరు. మౌనమే పెట్టిరి. వేలకొలది సిటీ యభిమానులు ఒక్క గొంతు లేవకుండ నిలిచిరి. పిదప ఆట మొదలయ్యెను. సిటీ 2-1తో గెలిచెను, వారు గొంతులు పగులునట్లు సంతోషించిరి. అందులో తప్పేమియు లేదు.

దుఃఖములో ఆట ఆగిపోవలెనని యెవరును అనలేదు. 1949 మే 4న ఇటలీలోని టొరీనో జట్టు విమానము పొగమంచులో సుపెర్గా కొండమీది దేవాలయపు గోడను తాకి 31 మంది మరణింపగా, ఆ యేటి పోటీలలో మిగిలిన నాలుగు ఆటలకు ఆ జట్టు తన బాలురను దింపెను. ప్రత్యర్థులు తమ పెద్ద యాటగాండ్రను ప్రక్కనబెట్టి తామును బాలురనే దింపిరి. 2016 నవంబరు 28న బ్రెజిలు దేశపు చాపెకోయెన్సె జట్టు విమానము కొలంబియాలో కూలి 71 మంది మరణించినప్పుడు, వారితో ఫైనలు ఆడవలసిన మెడెలిన్ నగరపు జట్టు కప్పును మృతులకే యిమ్మని తానే కోరెను. ఆట జరుగవలసిన వేళకు ఆ నగరవాసులు తెల్లని దుస్తులతో, క్రొవ్వొత్తులతో మైదానమును నింపిరి. మన దేశమున 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్సులో ఈస్ట్ బెంగాల్, మోహన్ బాగాన్ జట్టుల ఆటవేళ చెలరేగిన కలహములో, తొక్కిసలాటలో 16 మంది ప్రేక్షకులు మరణించిరి. అచ్చట ఏటేట ఆ దినమున రక్తదానము చేయుదురు.

లివర్‌పూలు ఆటగాడు డియోగో జోటా 2025 జూలై 3న సోదరునితోబాటు స్పెయినులో కారు ప్రమాదమున మరణించెను. ఆగస్టు 10న లండనులో క్రిస్టల్ ప్యాలెసు జట్టుతో ఆడుటకు ముందు మౌనము పాటింపగా కొందఱి అరుపుల వలన అది మధ్యలోనే ముగియవలసి వచ్చెను. లివర్‌పూలు వారు కోపించుటకు కారణము గలదు. అయినను వారి శిక్షకుడు ఆర్నె స్లాట్, ఆ యరచినవారికి మౌనము జరుగుచున్నదని తెలిసియుండకపోవచ్చుననియు, వారు తమ సంతోషములో నుండిరనియు, వారి పక్షమువారే వారిని ఊరకుండుమని వారింపజూచిరనియు చెప్పెను.