ఇరుపక్షాలూ ఒకే దేవుడికి మొక్కితే

పోటీకి దిగే రెండు పక్షాలూ ఒకే దేవుడికి మొక్కుకుంటే ఆ మొక్కుల గతి ఏమిటన్నది మతచింతనలో చాలా పాత ప్రశ్న. దేవుడు ఒకరి మొర ఆలకిస్తే రెండోవారికి అన్యాయం చేసినట్టవుతుంది. ఎవరి మొరా ఆలకించకపోతే మొక్కడమే వృథా. యుద్ధాల విషయంలో పుట్టిన ఈ సందేహం ఇప్పుడు ఎన్నికల్లోనూ పరీక్షల్లోనూ ఎదురవుతోంది. ఆటల్లో మరీ సూటిగా ఎదురవుతుంది, ఎందుకంటే అక్కడ గంటల్లోనే ఒకరు గెలిచి ఒకరు ఓడిపోతారు.

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ ఇందుకు మంచి ఉదాహరణ. బంతిని చేత పట్టుకుని, విసిరి, ఎదుటివారిని ఢీకొట్టి ముందుకు తోసుకుపోయే ఆట అది. పై స్థాయి జట్టు ఆగస్టు చివరి నుంచి డిసెంబరు మొదటి దాకా, ఇంచుమించు వారానికొకటి చొప్పున, 12 మ్యాచ్‌లు ఆడుతుంది. ఇంత తక్కువ మ్యాచ్‌లలో రెండు ఓడితే ఏడాది ఆశలన్నీ కూలిపోవచ్చు. జాతీయ టైటిల్ కోసం ఆడే ప్లేఆఫ్‌లో 2024కు ముందు పదేళ్లపాటు నాలుగు జట్లకే చోటుండేది, ఆ ఏడాది నుంచి 12 జట్లకు ఇస్తున్నారు. దానికి తోడు ఎముకలు విరిగే ఆట. కుర్రవాళ్లు మైదానంలోకి వెళ్లేముందు చేతులు జోడించడంలో వింత లేదు. ఇండియానా రాష్ట్రంలోని నోటర్‌డామ్ కాథలిక్ విశ్వవిద్యాలయంలో గ్రంథాలయ భవనం గోడ మీద రెండు చేతులూ పైకెత్తిన క్రీస్తు చిత్రం ఉంది. రిఫరీ టచ్‌డౌన్ (ఆ ఆటలో గోల్ లాంటిది) ప్రకటించేటప్పుడు చేతులెత్తే తీరు కూడా అదే కావడంతో అభిమానులు ఆ చిత్రాన్ని టచ్‌డౌన్ క్రీస్తు అని పిలుచుకుంటారు. అయితే ఎదుటి జట్టులోనూ క్రీస్తును నమ్మేవారే ఉంటారు.

మన దగ్గర, కర్ణాటకలోని కోలారు జిల్లాలో ఇదే చిక్కును ఎన్నికల వేళ చూడవచ్చు. ముళబాగిలు తాలూకా కురుడుమలెలో ఏకశిలా గణపతి కొలువై ఉన్నాడు. ఆయనకు పూజ చేసి మొదలుపెట్టిన పని నెగ్గుతుందని నమ్మకం. అందుకే ఒకరినొకరు ఓడించడానికి బయలుదేరే వేర్వేరు పార్టీల నాయకులు తమ ప్రచారాన్ని ఆ ఒక్క గుడి దగ్గరే ప్రారంభిస్తారు. కొబ్బరికాయ కొట్టినవారంతా గెలవరని అందరికీ తెలిసినా ఆ నమ్మకం చెక్కుచెదరలేదు.

భారతం ఈ ప్రశ్నను దాటవేయలేదు. అర్జునుడూ దుర్యోధనుడూ ఒకే రోజు కృష్ణుడి సాయం కోరి వెళ్లారు. తిరుపతి వేంకట కవుల నాటకం వల్ల ఈ ఘట్టం తెలుగువారికి కంఠస్థం. ఇద్దరినీ కృష్ణుడు ఉత్తచేతులతో పంపలేదు. ఒకరికి సైన్యం దక్కింది, మరొకరికి ఆయుధం పట్టని తాను. ఏది కావాలో కోరుకునే బాధ్యత మాత్రం వారిదే. ఇంతకన్నా బరువైనది గాంధారి మాట. గెలుపు దీవించమని కన్నకొడుకే అడిగినా, ధర్మం ఉన్న చోటే జయం ఉంటుందని చెప్పిందే తప్ప నువ్వే గెలుస్తావని ఆ తల్లి అనలేదు.

తర్కం దారిలో దీనికి జవాబు చెప్పినవి బ్రహ్మసూత్రాలు. లోకంలో కొందరు సుఖంగా, కొందరు కష్టాల్లో ఉన్నారంటే సృష్టికర్తకు పక్షపాతమూ క్రూరత్వమూ ఉన్నట్టే కదా అని రెండో అధ్యాయం మొదటి పాదంలో ఒక ఆక్షేపణ వస్తుంది. ఈశ్వరుడు జీవుల కర్మను బట్టే ఫలమిస్తాడు కాబట్టి ఆ దోషం ఆయనకు అంటదని సమాధానం. శంకరులు భాష్యంలో వానను పోలికగా తెచ్చారు. వరికీ యవలకూ పడే వాన ఒకటే, పంటలో తేడా విత్తనం లోపలి శక్తి వల్ల వస్తుంది. ఏడాది పొడవునా పారే నది లేక చెరువులనూ బోరుబావులనూ నమ్ముకున్న కోలారు రైతుకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఈ సమాధానంలో ఒక ప్రమాదం ఉంది. ఓడినవాడిది పాపఫలమని తేల్చేసి చేతులు దులుపుకోవడానికి దీన్ని వాడుకోవచ్చు, వాడుకున్నారు కూడా. ఆట విషయంలో విత్తనమంటే పూర్వజన్మ అనుకోనక్కర్లేదు. అభ్యాసం, తిండి, శిక్షణ, మైదానం, తోటివారి మీద నమ్మకం అనుకుంటే సరిపోతుంది. మన దేశంలో కాలితో ఆడే ఫుట్‌బాల్‌నే చూడండి. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1962లో ఆయన జకార్తా ఆసియా క్రీడలకు తీసుకువెళ్లిన భారత జట్టులో హైదరాబాద్ వాళ్లు యూసుఫ్ ఖాన్, పీటర్ తంగరాజ్, తులసీదాస్ బలరాం ఉన్నారు, పంజాబ్ నుంచి జర్నైల్ సింగ్, బెంగాల్ నుంచి కెప్టెన్ చునీ గోస్వామి ఉన్నారు. ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించారు. ఆ జట్టులో ఎవరి ప్రార్థన ఏ భాషలో, ఏ పేరుతో సాగినా స్వర్ణం అందరిదీ. అది ఫలానా దేవుడి గెలుపని చెప్పడానికి ఏ ఆధారమూ లేదు.

జయాపజయాలను సమంగా చూస్తూ పోరుకు సిద్ధపడమని గీత రెండో అధ్యాయం చెబుతుంది. గెలవాలన్న ప్రయత్నం మానమని అందులో ఎక్కడా లేదు. ముళబాగిలులో 1887లో పుట్టిన డి.వి. గుండప్ప గీతను సంసారంలో ఉన్నవారికి పనికొచ్చే జీవనధర్మంగా కన్నడంలో వ్యాఖ్యానించారు. ఆ గ్రంథానికి 1967లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పూర్వమీమాంస మరో వైపు నుంచి చెబుతుంది. ఫలం కోరి చేసే కర్మను అది తప్పు పట్టదు, కామ్యకర్మ అని విడిగా చోటు కల్పించింది. కాబట్టి గెలుపు కోరుకోవడం దానికదే దోషం కాదు.

ఇక ప్రార్థనకు పూనుకున్నది ఎవరన్నదీ ముఖ్యమే. వాషింగ్టన్ రాష్ట్రంలోని బ్రెమెర్టన్ హైస్కూల్ ఫుట్‌బాల్ కోచ్ జోసెఫ్ కెన్నెడీ మ్యాచ్ అయ్యాక మైదానం మధ్య మోకరిల్లి ప్రార్థించే హక్కును 2022 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు 6-3 మెజారిటీతో సమర్థించింది. పిల్లవాణ్ణి ఆడించాలో కూర్చోబెట్టాలో నిర్ణయించేవాడు మోకరిల్లితే, ఇష్టం లేని పిల్లవాడికీ పక్కన మోకరిల్లక తప్పదనిపిస్తుంది. తీర్పుతో విభేదించిన న్యాయమూర్తుల భయం అదే, అది న్యాయమైన భయం.

మళ్లీ గెలుపోటముల ప్రశ్నకు వస్తే, కోలారు జిల్లా అంతటా కనిపించే వీరగల్లులు గెలిచినవారికి నిలిపినవి కావు. ఊరి పశువులను కాపాడుతూనో యుద్ధంలోనో ప్రాణం విడిచినవారి జ్ఞాపకార్థం వేసిన శిలలవి. కింద పోరాటం, దాని పైన అప్సరసలు వీరుణ్ణి మోసుకుపోవడం, అన్నిటికన్నా పైన శివసన్నిధి చెక్కి ఉంటాయి. ఆ పోరులో చివరికి ఏ పక్షం నెగ్గిందన్నది ఆ బొమ్మల్లో ఉండదు. దైవసన్నిధికి చేరడానికి గెలుపు షరతు కాదని ఈ నేల మీది శిల్పులు వందల ఏళ్ల కిందటే ఒప్పుకున్నారు.

వీటన్నిటినీ బట్టి మ్యాచ్‌కు ముందు ఆటగాడు ఒంట్లో సత్తువ, మనసుకు నిబ్బరం, రెండు జట్లలోనూ ఎవరికీ దెబ్బ తగలకుండా ఉండటం అడగవచ్చు. గెలుపునూ అడగవచ్చు, రాకపోతే దేవుణ్ణి నిందించనంతవరకు. ఎదుటివాడి కాలు విరగాలనో, వాడి చెయ్యి తడబడాలనో కోరే మొక్కును మాత్రం ప్రార్థన అనలేం.