విశ్వజిత్తులో భూమిని ఎందుకివ్వరు?

విశ్వజిద్యాగం చేసేవాడు తనకున్నదంతా దక్షిణగా ఇచ్చెయ్యాలి. మరి అమ్మానాన్నల్ని? రాజైతే భూమిని? జైమిని సూత్రాల ఆరో అధ్యాయంలో ఈ చర్చ ఉంది. భూమి అందరిదీ, రాజైనా ఇవ్వలేడని మీమాంసకులు తేల్చారు. తనది కానిది దానమివ్వడం కుదరదు.

ఇది నాకు చెప్పింది మా మామగారు. నేను యూనివర్సిటీ పేటెంట్ సెల్‌లో కంపెనీలకిచ్చే లైసెన్సు ఒప్పందాలు రాస్తాను. ఆయన లెక్కలో అది విద్యావిక్రయం. "జీతం తీసుకుని వేదం చెప్పేవాణ్నే మనువు శ్రాద్ధానికి పిలవొద్దన్నాడమ్మా, మీరు రాయల్టీ కూడా లాగుతున్నారు" అంటారు, నేను అన్నం వడ్డిస్తుంటేనే.

ఆయనకి టొరంటో సంగతి చెప్పాను. ఇన్సులిన్ కనిపెట్టిన బాంటింగ్, బెస్ట్, కాలిప్ దాని మీద పేటెంట్ హక్కుని 1923లో తలా ఒక్క డాలరుకి విశ్వవిద్యాలయానికి రాసిచ్చేశారు. వైద్యుడికి పేటెంట్ తగదని బాంటింగ్ మొదట్లో దరఖాస్తులో పేరే పెట్టనివ్వలేదు. ఇంతవరకూ అందరూ చెప్పుకునేదే. అంతకుముందు ఏడాది వసంతంలో కాలిప్ పద్ధతి పెద్ద ఎత్తున పనిచెయ్యక మందు తయారీ ఆగిపోయిందని మాత్రం ఎవరూ చెప్పరు. ఎదురుగా రోగులున్నారు, సీసాలో మందు లేదు. 1922 మేలో ఇండియానాపోలిస్‌లోని ఎలై లిల్లీ కంపెనీతో ఒప్పందం చేసుకున్నాకే, పందుల, పశువుల క్లోమగ్రంథుల నుంచి బోలెడంత ఇన్సులిన్ తియ్యడం సాధ్యమైంది. ఎంత త్యాగబుద్ధి ఉన్నా ఫ్యాక్టరీ కావాల్సొచ్చింది.

"ఇచ్చేసేవాళ్లకి పేటెంటెందుకు?"

"ఇంకొకడొచ్చి నాదనకుండా, మామయ్యగారూ." పసుపుతో గాయాలు మాన్పడం మీద 1995లో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంటిచ్చారు. మన సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు చూపించి 1997లో రద్దు చేయించింది. ఆయన సంతోషించారు. పసుపు వైద్యం విశ్వజిత్తులో భూమిలాంటిదే కదా!

నాకు పాపంగా తోచేది అమ్మడం కాదు, తొక్కిపెట్టడం. మా దగ్గర లైసెన్సు తీసుకున్న ఒక కంపెనీ, తన పాత సరుకు అమ్మకాలు పడిపోతాయని మా ఆవిష్కరణని బీరువాలో పెట్టేసింది. అప్పట్నుంచీ ప్రతి ఒప్పందంలో ఒక షరతు రాస్తున్నాను: గడువులోగా మార్కెట్లోకి తేకపోతే హక్కు మాకు తిరిగొచ్చేస్తుంది.

"ఇచ్చింది వెనక్కి తీసుకుంటే దత్తాపహారం."

"దానమైతేగా! నిక్షేపం అనుకోండి. సొత్తు మాదే, వాళ్ల దగ్గర ఉంచామంతే."

కాసేపాలోచించి ఆ మాటకి ఒప్పుకున్నారు. కానీ నిక్షేపం ఉంచుకున్నవాడు దాన్ని వాడుకోకూడదట, మీరేమో వాడుకోమనే ఇస్తున్నారన్నారు. రాయల్టీ మాటకొస్తే, టొరంటో కూడా తీసుకుని పరిశోధనకే ఖర్చుపెట్టిందన్నాను. రాయల్టీ సంగతి మాత్రం ఆయనింకా తేల్చలేదు.