ఊపిరి కోసం పైకొచ్చినప్పుడు

తార్నాకలో మా స్నేహితురాలి ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఒక ఫోటో ఉంది. నలుగురం నారింజరంగు లైఫ్ జాకెట్లు వేసుకుని, జుట్లు రేగిపోయి, పడవ అంచు పట్టుకుని నవ్వుతూ ఉంటాం. మా వెనక నీళ్ళు తప్ప ఏమీ లేవు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ అడిగేది ఒకటే: "తిమింగలం ఏదీ?" ఫోటో తీసేసరికి మునిగిపోయింది. అంత త్వరగా ఎందుకు మునిగిపోయిందన్న విషయంలో మేం నలుగురం ఇప్పటికీ ఒక మాట మీదికి రాలేదు.

2023 జూన్‌లో చెన్నై నుంచి శ్రీలంకకి క్రూయిజ్ ఓడ మొదలైంది. హంబన్‌తోట, ట్రింకోమలి, జాఫ్నా దగ్గరి కంకేసన్‌తురై రేవులకి వెళ్ళేది. జూలైలో మేం ఎక్కాం. ఉస్మానియాలో పరిశోధన చేసే రోజుల నుంచి పదేళ్ళుగా అనుకుంటున్న ప్రయాణం. ఓడ సంగతి ఎక్కువ చెప్పను. తిండి, పాటలు, అద్దాల లిఫ్టులు. నాకు గుర్తున్నది మొదటి రాత్రి డెక్కు మీద గాలి, "ఇంట్లో ఇప్పుడు ఎవరు వండుతున్నారో నాకు తెలీదు, తెలుసుకోను" అని మా బ్యాంకు స్నేహితురాలు గట్టిగా అరవడం. అయిదు రోజుల కూరలు డబ్బాల్లో సర్ది, వాటి మీద వారాల పేర్లు అంటించి వచ్చిన మనిషి ఆమె.

ట్రింకోమలిలో ఓడ ఆగిన రోజు విడిగా డబ్బు కట్టి తిమింగలాలను చూడ్డానికి వెళ్ళాం. అక్కడ తీరానికి బాగా దగ్గరలోనే సముద్రగర్భం లోయలా లోతుకి దిగిపోతుంది. అందుకే నీలి తిమింగలాలు ఒడ్డుకి అంత దగ్గరగా వస్తాయి. కోణేశ్వరం గుడి ఉన్న కొండ అంచున నుంచున్నా ఒక్కోసారి కనిపిస్తాయట. ఈ సంగతి మాకు తర్వాత తెలిసింది.

గంటన్నర ఏమీ లేదు. ఎండ, డీజిలు వాసన, ఒకామెకి వాంతులు. అప్పుడు దూరంగా నీటి మీద ఒక తెల్లని స్తంభం లేచి గాలిలో కలిసిపోయింది. అది దాని ఊపిరి. వీపు కొంచెం, ఆ తర్వాత ఇంకొంచెం, ఇంకా అయిపోలేదు. అంత పొడవు ప్రాణి ఉండగలదని పుస్తకాల్లో చదవడం వేరు. నాకు ఏడుపొచ్చింది. ఆ ఆనందాన్ని నేను చిన్నబుచ్చదల్చుకోలేదు.

అయితే మాది ఒక్కటే పడవ కాదు. నాలుగో, అయిదో అటే తిరిగాయి. పడవ నడిపే తమిళ కుర్రవాడు మొదట దూరంగానే ఆపాడు. మేం ఎవరం "దగ్గరికి పోనీ" అనలేదు. ఈ వ్యాసమంతా ఆ మాట దగ్గరే తిరుగుతుంది కాబట్టి జాగ్రత్తగా రాస్తున్నాను. "సరిగ్గా కనిపించట్లేదే" అన్నాం. ఒకరం కాదు, ముగ్గురం. నేను రెండుసార్లు అన్నాను. కుర్రవాడికి మా భాష రాదు గానీ మా గొంతు అర్థమైంది. తిమింగలం చూపిస్తే వచ్చే బక్షీసు మీద ఇల్లు నడుపుకునేవాడు ఇంకేం చేస్తాడు? ఇంజను పెంచాడు.

నాలుగో ఆమె, శ్రీకాకుళం తీరంలో పుట్టి చరిత్ర పాఠాలు చెప్పే మనిషి, కోపమొస్తేగానీ ఊరి యాస బయటపెట్టదు. "అదేటే, అలగ తరుముతున్నారు? ఊపిరి తీసుకోనివ్వరా దాన్ని?" అంది. తోక పైకి లేచింది. నల్లగా, నీళ్ళు కారుతూ, నిదానంగా. తర్వాత నున్నటి నీళ్ళు. అందరం చప్పట్లు కొట్టాం. ఫోటో అప్పటిదే.

పరిశోధనలో నా విషయం స్త్రీల కవిత్వంలో చూపు. జయప్రభ 'చూపులు' కవిత చదివాక ఈ దారి పట్టినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో మన హైదరాబాదులోనే రూపుదిద్దుకున్న 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' రెండో సంపుటం (1993)లో ఆ కవితని ఇంగ్లీషులో మళ్ళీ చదివి, ఇది నా ఒక్కదాని గొడవ కాదని ధైర్యం తెచ్చుకున్నాను. సినిమాలో మగచూపు గురించి లారా మల్వీ 1975లో రాసిన వ్యాసం ఎన్నిసార్లు పాఠం చెప్పానో లెక్కలేదు. ప్రయాణం నుంచి తిరిగొచ్చిన కొన్ని వారాలకి ఆర్ట్స్ కాలేజీలో ఒక సదస్సులో ఇదే విషయం మీద పేపరు చదివాను. చూడబడే వస్తువుగా మిగలడానికి నిరాకరించిన స్త్రీ తనే చూడటం మొదలుపెడుతుందని, అది విముక్తి అని ముగించాను. బాగుందన్నారు. రెండో వరసలో కూర్చున్న శ్రీకాకుళం మిత్రురాలు అందరి ముందూ ఏమీ అడగలేదు. మెట్లు దిగి తార్నాక వైపు నడుస్తున్నప్పుడు అడిగింది: "చూడటం మొదలుపెట్టాక ఎలా చూస్తుందో రాయలేదేం?"

నాకు కోపమొచ్చింది. సమాధానం లేనప్పుడు వచ్చే కోపం.

నేను డిగ్రీ చదివిన ఊళ్ళో హాస్టల్‌కి ఒక డాబా ఉండేది. సాయంత్రం తలలారబెట్టుకోడానికి, ఊరికే గాలికి, పైకి వెళ్ళేవాళ్ళం. ఎదురు రోడ్డు మీద సైకిళ్ళు, తర్వాత మోటారుసైకిళ్ళు ఆగేవి. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు, చూసేవాళ్ళు. వాళ్ళని అడిగితే "రోడ్డు మీద నుంచున్నాం, తప్పా?" అనేవాళ్ళు. మేం డాబా ఎక్కింది వాళ్ళకి కనిపించడానికి కాదు, గాలి కోసం. చివరికి డాబా తలుపుకి తాళం పడింది. పడవ వెనక్కి తిరిగినప్పుడు నాకా తాళం గుర్తొచ్చిందని రాస్తే ఈ వ్యాసానికి అందంగా ఉండేది. నిజానికి గుర్తు రాలేదు. ఆ క్షణంలో నా బాధల్లా ఫోటోలో పడలేదనే. డాబా గుర్తొచ్చింది తార్నాక రోడ్డు మీద, ఆ ప్రశ్న విన్నాక.

ఆ రాత్రే ఫ్రిజ్ ఉన్న ఇంట్లో నలుగురం మాట్లాడుకున్నాం. లెక్కలు చెప్పే స్నేహితురాలు నా పోలికని ఒప్పుకోలేదు. "తిమింగలాన్ని ఆడదాన్ని చెయ్యకు. అది తిమింగలం. నీ హాస్టల్ డాబా దానికెందుకు?" అంది. ఆ మాట న్యాయమైనదే. ప్రతి మూగప్రాణిలోనూ మనల్ని చూసుకోవడం కూడా ఒక ఆక్రమణే. మన భాష ఆ జీవికి ముందే చాలా అన్యాయం చేసింది. తిమి అనే పెద్ద చేపని మింగేది కాబట్టి తిమింగిలం అన్నాం. ఇప్పటికీ లంచం తీసుకున్న ఆఫీసరు పట్టుబడితే పేపర్లో 'అవినీతి తిమింగలం' అవుతాడు. నీలి తిమింగలానికి పళ్ళే లేవు. చిటికెన వేలంత కూడా ఉండని రొయ్యల్లాంటి జీవుల్ని వడగట్టుకుని తింటుంది. దోచుకునేవాడికి దాని పేరు పెట్టాం, దాన్ని నేనిప్పుడు బాధితురాల్ని చేస్తున్నాను. రెండూ మన కథలే.

కాబట్టి పోలిక వదిలేసి తెలిసినంతే చెప్పుకుందాం. అది గాలి పీల్చే ప్రాణి. లోతుకి దిగి వచ్చాక పైన వరసగా కొన్ని ఊపిరులు తీసుకుని మళ్ళీ దిగుతుంది. పడవలు మీదికొస్తే ఆ ఊపిరులు పూర్తికాకుండానే దిగాల్సి రావచ్చు. దాని పిలుపు మన చెవికి అందనంత మంద్రంగా ఉంటుంది, వందల కిలోమీటర్లు వెళ్ళగలదు. ఓడల ఇంజన్ల మోత ఆ పిలుపుల మీదే పడుతుంది. అంటే పడవ ఎక్కక ముందు, మూడు రాత్రులు మేం పాటలు వింటూ పడుకున్న ఓడ కూడా ఈ లెక్కలోకి వస్తుంది. పైగా శ్రీలంక దక్షిణాన ఓడల దారి తిమింగలాలు మేసే చోటు మీదుగా పోతుంది. ఓడలు తగిలి అవి చచ్చిపోతుంటాయి.

ఆశా డీ వోస్ అనే శ్రీలంక శాస్త్రవేత్త చూపు ఎలాంటిదో ఇక్కడ చెప్పాలి. నీలి తిమింగలాలు చల్లని సముద్రాల్లో మేసి, పిల్లల్ని కనడానికే వెచ్చని నీళ్ళకి వస్తాయని పాఠం. 2003లో శ్రీలంక తీరంలో నీటి మీద తేలుతున్న ఎర్రటి మలం చూసి, ఇవి ఇక్కడే మేస్తున్నాయని ఆమె గ్రహించింది. అందరూ తోక కోసం కెమెరాలెత్తే చోట ఆమె మలం దగ్గర ఆగింది. తర్వాత ఏళ్ళ తరబడి ఆ పనే. ఆమె పరిశోధన, మరికొందరు చేసిన వాదన కలిసి, 2022లో మెడిటరేనియన్ షిప్పింగ్ కంపెనీ తన ఓడల్ని ఆ తీరానికి ఇంకా దక్షిణంగా నడపడం మొదలుపెట్టింది. ఆమె చూసింది, మేమూ చూశాం. రెండింటికీ ఒకే క్రియాపదం వాడాల్సి రావడం నాకు ఇబ్బందిగా ఉంది.

"మగవాళ్ళు బ్యాంకాక్ వెళ్ళొచ్చి పశ్చాత్తాపం మీద వ్యాసాలు రాస్తారా?" అని బ్యాంకు స్నేహితురాలు నిలదీసింది. "పదేళ్ళకి ఒకసారి అయిదు రోజులు బయటపడ్డాను. దానికీ నేను తలొంచుకోవాలా?" నవ్వుతూనే అంది గానీ కళ్ళలో నీళ్ళున్నాయి. నేను చాలా రోజులు ఆలోచించింది ఈమె మాట గురించే. సంతోషపడ్డ ప్రతిసారీ తప్పు చేశాననుకోమని మనకి నేర్పారు. ఆ నేర్పుని గుర్తుపట్టడానికే మనకి ఒక తరం పట్టింది. తిమింగలం పేరుతో అదే దొడ్డిదారిన వస్తోందా?

రావచ్చు. కానీ ఆ రెండిటికీ అడిగే ప్రశ్నలో తేడా ఉంది. పాత అపరాధభావం "ఎందుకు గడప దాటావు?" అంటుంది, మనం మళ్ళీ వంటింట్లోకి పోయేదాకా ఊరుకోదు. శ్రీకాకుళం మిత్రురాలు గడప గురించి అడగలేదు, ఆమే దాటి మాతో వచ్చింది. దాటి వెళ్ళిన చోట ఏం చేశామని అడిగింది. చూపుల కింద బతికినవాళ్ళం కాబట్టి మనకి చూడటం వచ్చేసిందని నేను అనుకున్నాను, పాతికేళ్ళు దెబ్బలు తింటే వైద్యం వచ్చేసినట్టు. "కనిపించట్లేదే" అన్న నా గొంతులో ఉన్నది డబ్బు కట్టిన మనిషి అధికారమే. పని కుర్రవాడి చేత చేయించి, నేను చెయ్యమనలేదు అనుకునే సౌకర్యం కూడా దానితోపాటే వచ్చింది. పెద్దిళ్ళలో మగవాళ్ళు ఈ సౌకర్యాన్ని ఎలా వాడతారో మనం బోలెడు కథలు రాశాం.

ఆ జూలై నెలాఖరులోనే సంతబొమ్మాళి మండలం మేఘవరం తీరానికి ఒక నీలి తిమింగలం కొట్టుకొచ్చి చచ్చిపడింది. మా మిత్రురాలి జిల్లాయే. జనం చూడ్డానికి వచ్చారు, ఫోటోలు తీసుకున్నారు. 'భారీ తిమింగలం' అని వార్త. పొడవు ఇరవై అయిదు అడుగులు. ఆమె ఆ వార్తని మా నలుగురికీ పంపి కింద ఏమీ రాయలేదు. నేను తర్వాత పుస్తకం చూశాను. నీలి తిమింగలం పిల్ల పుట్టేటప్పుడే ఇరవై మూడడుగులుంటుంది. ఆరేడు నెలలు తల్లిపాలు తాగుతుంది. వార్తలో రాసినట్టు అది నీలి తిమింగలమే అయితే, మనం భారీ అన్నది పాలు మరవని బిడ్డని.

దానికీ మా పడవకీ ఏ సంబంధమూ లేదు. అది నాకు తెలుసు. అయినా ఫోటోలో నా నవ్వు చూసినప్పుడల్లా ఆ ఇరవై అయిదు అడుగులు గుర్తొస్తాయి.

ఫోటో తీసెయ్యమని నేనడిగితే బ్యాంకు స్నేహితురాలు ఒప్పుకోలేదు. "నేను నవ్విన ఫోటోలు నాకు ఎక్కువ లేవు" అంది. అలాగే ఉంది. మొన్న మళ్ళీ ప్రయాణం మాటొచ్చింది. ఈసారి పడవ వద్దు, కోణేశ్వరం గుడి కొండ మీద కూర్చుందాం, వస్తే చూద్దాం, రాకపోతే సముద్రాన్ని చూద్దాం అంది శ్రీకాకుళం ఆమె. నేను సరేనన్నాను. లెక్కల స్నేహితురాలు వేళ్ళు మడిచి చూసి, ఓడ రేవులో ఆగేది కొన్ని గంటలే, అలా కూర్చోవాలంటే విడిగా వెళ్ళి పది రోజులు ఉండాలి అంది. పది రోజుల కూరలు డబ్బాల్లో నిలవుంటాయా అని బ్యాంకు స్నేహితురాలు ఫ్రిజ్ తలుపు తెరిచి చూస్తోంది.