మొదట పిట్టగోడ
ధ్యానభాగము: ద్వితీయోపదేశకాండము 22:8



ఒకరు వాడిన వస్తువును మనము కొనినయెడల, వారి అశ్రద్ధకు మనము ఉత్తరవాదులమగుదుమా?

జపాను దేశపు మాజ్దా కంపెనీవారు 1989లో ఎమ్.ఎక్స్-5 అను ఇద్దరు కూర్చుండు స్పోర్ట్సు కారును లోకమునకు చూపిరి. ఆనాటి కార్లను నేటికిని అనేకులు మోజుతో కొనుచున్నారు. కొనగానే మనస్సు కోరునవి క్రొత్త చక్రములు, మరింత వేగము. పని తెలిసిన మెకానిక్కు మాత్రము మొదట బ్రేకులు చూచును. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొనును. తేమ చేరిన ఆయిలు వేడికి త్వరగా మరిగి ఆవిరి పుట్టును. అప్పుడు పెడలు తొక్కినను బండి ఆగకపోవచ్చును. టైరు అరుగకున్నను, ఏండ్లు గడచినకొలది గట్టిపడి పట్టు తప్పును. వీటిని మార్పించినందుకు మెచ్చుకొనువారెవరును ఉండరు.

క్రొత్త యిల్లు కట్టువాడు, ఎవడును పడి చావకుండునట్లు, కప్పుచుట్టు పిట్టగోడ కట్టవలెనని ధర్మశాస్త్రము ఆజ్ఞాపించుచున్నది. ఇల్లు మనదైన దినముననే పొరుగువాని ప్రాణము మన లెక్కలోనికి వచ్చును. కారు తాళపుచెవి చేతికి వచ్చిన దినమును అట్టిదే. “పాత యజమాని మార్చలేదు” అను మాట దారిన పోవు బిడ్డను కాపాడదు. తప్పు అతనిదైనను, ఇకమీదట భారము మనదే.

మనము కొనిన పొలములో నూతిగట్టు కూలియున్నదా? పాత ట్రాక్టరుకు బ్రేకులు సరిగా పడుటలేదా? రంగు వేయకమునుపే వాటిని బాగుచేయింతము. అందము, వేగము పాపములు కావు. వాటి వరుస తరువాతిది.

పొరుగువాని ప్రాణమును ముందుగా ఎంచు మనస్సును ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.