ఎవరినీ కాపాడని మొండితనం

‘హాక్సా రిడ్జ్’ చూసొచ్చినవాళ్లను ఎలా ఉందని అడిగితే, ముందు ఒక అంకె చెబుతారు: 75. తుపాకీ ముట్టనని పట్టుబట్టిన ఒక అమెరికన్ సైనికుడు ఒకినావా దీవిలో కొండ అంచు నుంచి అంతమంది క్షతగాత్రులను తాడుకు కట్టి, ఒక్కొక్కరినే కిందికి దించాడు. మెల్ గిబ్సన్ 2016లో తీసిన ఈ సినిమా మీద ఎన్ని వాదాలు నడిచినా, ఈ అంకె దగ్గరికి వచ్చేసరికి అందరూ చల్లబడతారు.

ఆ సైనికుడు డెస్మండ్ డాస్. వర్జీనియాలోని లించ్‌బర్గ్ వాడు, సెవెన్త్ డే అడ్వెంటిస్టు. చంపకూడదన్న ఆజ్ఞనూ, శనివారం విశ్రాంతి దినాన్నీ అక్షరాలా పాటించేవాడు. ఓడల కార్ఖానాలో పని కాబట్టి సైన్యానికి వెళ్లకుండా ఉండే వీలున్నా, 1942లో వెళ్లి చేరాడు. ఆయుధం పట్టకుండా వైద్య సహాయకుడిగా పనిచేస్తానన్నాడు. శనివారం కవాతుకు రాడు గానీ గాయపడ్డవాడికి కట్టు కట్టమంటే వారంతో పనిలేదు. క్రీస్తు కూడా విశ్రాంతి దినాన రోగులను బాగుచేశాడు కదా అన్నది అతని సమాధానం. 1945 అక్టోబరులో అధ్యక్షుడు ట్రూమన్ చేతుల మీదుగా మెడల్ ఆఫ్ ఆనర్ అందుకున్నాడు. అసలు ఆ 75 కూడా బేరమాడి తేల్చిన లెక్కే. సైన్యం వందమంది అంది, డాస్ యాభైకి మించరన్నాడు, చివరికి మధ్యలో కుదిరింది.

సినిమా మీద ఫిర్యాదులు లేకపోలేదు. హింస వద్దన్న మనిషి కథలో తెగిన కాళ్లనూ చిందే పేగులనూ అంతసేపు చూపించడమేమిటని కొందరు విసుక్కున్నారు. ఆ నరకం కళ్లకు కట్టకపోతే అతను చేసింది ఎంత పెద్ద పనో ఎలా తెలుస్తుందని మిగతావాళ్లు వాదించారు. ఒకినావా పౌరులు తెరమీద కనిపించరన్నది ఇంకా బరువైన ఫిర్యాదు. మూడు నెలలు కూడా సాగని ఆ యుద్ధంలో దాదాపు లక్షమంది మామూలు జనం చచ్చిపోయారు. కొన్ని సంగతులు మరీ అతిగా అనిపిస్తాయని సినిమాయే వదిలేసింది. తూటా తగిలి చెయ్యి విరిగినప్పుడు డాస్ ఒక తుపాకీ మడమను ఆ చేతికి దబ్బలా కట్టుకుని, మూడు వందల గజాలు పాక్కుంటూ వెళ్లాడు. ముట్టనన్న తుపాకీ అతనికి అలా ఉపయోగపడింది. ఇది పతక ప్రశంసాపత్రంలోనే ఉంది.

చిక్కు ప్రశ్న వేరే చోట ఉంది. శిక్షణ శిబిరంలో తోటి సైనికులు డాస్‌ను పిరికివాడన్నారు, బూట్లు విసిరారు, పై అధికారులు వదిలించుకోవాలని చూశారు. కొండ మీంచి క్షతగాత్రులను దించాక అదే మనుషులు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఈ మధ్యలో డాస్ నమ్మకం వీసమెత్తు మారలేదు. మారింది లెక్క. ప్రేక్షకుడి గౌరవం కూడా ఆ లెక్క వెనకే నడిచింది. మొదటి తూటాకే డాస్ కూలిపోయి ఉంటే? ఒక్కడినీ దించకుండానే పోయి ఉంటే? ఆ పట్టుదలకు మనం పెట్టే పేరు ఏమిటి?

ఈ ప్రశ్నను ఊహకు వదలనక్కర్లేదు. మూడేళ్ల తర్వాత, 2019లో టెరెన్స్ మాలిక్ ‘ఎ హిడెన్ లైఫ్’ తీశాడు. అదీ నిజంగా జరిగిన కథే. ఆస్ట్రియాలో సెయింట్ రాడెగుండ్ అనే చిన్న పల్లె. అక్కడి రైతు ఫ్రాంజ్ యేగర్‌ష్టెట్టర్, ఊరి చర్చి పనులు కూడా చూసుకునేవాడు. 1938లో హిట్లర్ ఆస్ట్రియాను కలిపేసుకున్నాక జరిగిన ఓటింగులో ఊరంతా అవునంటే, కాదన్నది అతనొక్కడే. 1943 మార్చిలో సైన్యం ముందు హాజరైనప్పుడు హిట్లర్ కోసం పోరాడనని చెప్పేశాడు. ఆగస్టు 9న బ్రాండెన్‌బర్గ్ జైల్లో గిలటిన్ కింద తల తీశారు. వయసు 36. దీనివల్ల ప్రాణం దక్కినవాడు ఒక్కడూ లేడు, యుద్ధం ఒక్క గంట ముందు ఆగలేదు.

దాదాపు మూడు గంటల ఈ సినిమా ప్రేక్షకులను నిలువునా చీల్చింది. గడ్డి కోతలూ కొండలూ తప్ప ఏమీ జరగదని కొందరు మధ్యలోనే లేచి వెళ్లారు. ఓపికగా కూర్చున్నవాళ్లలోనూ చాలామందిని ఒక ముల్లు వదల్లేదు: ముగ్గురు ఆడపిల్లలున్న తండ్రి, భార్యను పొలం పాలు చేసి ఏం సాధించాడు? అప్పట్లో లింజ్ బిషప్ అతనితో చెప్పిందీ ఇంచుమించు ఇదే, సంసారం చూసుకోమనే. కురుక్షేత్రం ఇష్టంలేని బలరాముడికి తీర్థయాత్రలకు వెళ్లే దారైనా దొరికింది. ఈ రైతుకు ఆ వీలు కూడా లేదు.

ఇద్దరి కథలూ ఒకచోట ముడిపడతాయి. సైన్యానికి హాజరయ్యాక, ఆయుధం లేకుండా వైద్య సహాయకుడిగా అయితే పనిచేస్తానని యేగర్‌ష్టెట్టర్ కూడా అన్నాడు. ఎవరూ చెవిన పెట్టలేదు. ఇద్దరూ కోరింది ఒకటే. ఒక రాజ్యం సణుగుతూనే ఒప్పుకుని ఆఖరికి పతకం ఇచ్చింది, ఇంకొకటి తల తీసింది. డాస్‌కు తాడు దొరికింది, కొండ దొరికింది, పేరు చెప్పుకునే 75 మంది దొరికారు. అవేవీ అతని విశ్వాసంలోంచి పుట్టినవి కావు.

ఆ విశ్వాసాన్నే ఇంకొంచెం గిల్లి చూసినవాడు గాంధీ. 1899లో బోయర్ యుద్ధంలో సుమారు 1,100 మంది భారతీయులతో దళం కట్టి ఆయనా స్ట్రెచర్లు మోయించాడు, మోశాడు, పతకమూ అందుకున్నాడు. తర్వాత ఆత్మకథలో మాత్రం, యుద్ధంలో గాయాలకు కట్టు కట్టేవాడు కూడా ఆ యుద్ధ పాపంలో భాగస్తుడేనని తేల్చేశాడు. కట్టు కట్టించుకున్నవాడు కోలుకుని మళ్లీ తుపాకీ ఎత్తుకుంటాడు. ఆ తూకంలో వేస్తే డాస్ చేతులు కూడా పూర్తిగా శుభ్రం కావు, యేగర్‌ష్టెట్టర్ అడిగిన మినహాయింపూ శుభ్రమైనది కాదు. అంటే మచ్చలేని చోటు కోసం వెతికితే ఈ ఇద్దరిలో ఎవరికీ నిలబడే స్థలం మిగలదు.

పని నీది, ఫలితం నీది కాదన్న గీత మాట తెలుగునాట కొత్తదేం కాదు. క్యాలెండర్ల మీద ఉంటుంది. ఊళ్లో ఎవరైనా పోతే ఘంటసాల గొంతులో మైకులోంచి వినపడుతుంది. విచిత్రం ఏమిటంటే, యుద్ధం చెయ్యమని చెప్పడానికి వాడిన ఆ మాటే, యుద్ధం చెయ్యనన్న రైతుకు అందరికన్నా గట్టి సాక్షి. ఇంతగా తెలిసిన మాటే అయినా, థియేటర్‌లో కూర్చున్నప్పుడు మనం ఫలితానికే చప్పట్లు కొడతాం. కాపాడినవాడి కథ చూసి కన్నీళ్లతో బయటికి వస్తాం, కాపాడలేకపోయినవాడి కథ చూసి ‘అయితే ఏంటట?’ అంటాం.

యేగర్‌ష్టెట్టర్ ఊరు కూడా చాలాకాలం అలాగే అంది. అతని చావుకు కారణం అతని మొండితనమేనని గొణుక్కుంది. భార్య ఫ్రాంజిస్కాకు వితంతు పింఛను 1950 దాకా ఇవ్వలేదు. ఆమె పిల్లలను పెంచుతూ, పొలం దున్నించుకుంటూ బతికింది. 1964లో అమెరికన్ సామాజికశాస్త్రవేత్త గోర్డన్ జాన్ పుస్తకం రాసేదాకా బయటి లోకానికి ఆ రైతు పేరే సరిగా తెలియదు. 2007 అక్టోబరు 26న లింజ్ కెథడ్రల్‌లో చర్చి అతన్ని ధన్యుడిగా ప్రకటించింది. సంసారం చూసుకోమని ఒకనాడు బిషప్ చెప్పి పంపిన ఊరే అది. ఆ రోజు ముందు వరసలో 94 ఏళ్ల ఫ్రాంజిస్కా, పక్కనే కూతుళ్లు ఉన్నారు. ఆమె ఇంకో అయిదేళ్లు దాటి బతికి, నూరేళ్లు నిండిన పన్నెండో రోజున కన్నుమూసింది.