ఎవరి చావు భయం ఎవరి మీద

ఆదోనిలో మేం అయిదుగురం, ఇంట్లో ఉర్దూ, బళ్లో తెలుగు మాట్లాడుతూ పెరిగినవాళ్లం, పోయిన చలికాలం ఒక అమెరికన్ నవల ముందేసుకుని కూచున్నాం. కైరుప్పల నుంచి ఒక దోస్తు ఆదివారాలు బస్సెక్కి వచ్చేవాడు. ఆ నవల డాన్ డెలిల్లో రాసిన ‘వైట్ నాయిస్’, 1985లో అచ్చయింది. ఆధునికోత్తర నవల అంటారు. ఆ మాట మీద తెలుగులో సాగిన వాదులాటల జోలికి మేం పోలేదు. మొగుడూ పెళ్లాల్లో ఎవరు ముందు పోతారన్న ప్రశ్న ఆ ఇంట్లో తిరుగుతుంటుంది. మమ్మల్ని పట్టి కూచోబెట్టింది అదే.

జాక్ గ్లాడ్నీ కాలేజీ ప్రొఫెసరు. హిట్లర్ గురించి చదివే శాఖ పెట్టినవాడు, జర్మన్ భాష మాత్రం రాదు. (అర్థం తెలియకుండా అరబీ చదువుకున్న మేం ఇక్కడ కాస్త ఇబ్బందిగా నవ్వుకున్నాం.) పాత పెళ్లిళ్ల పిల్లలంతా కొత్త ఇంట్లో కలిసి పెరుగుతుంటారు. టీవీ మోగుతూనే ఉంటుంది. ఊరి దగ్గర రైలు ట్యాంకరు పగిలి విషపు మబ్బు లేచినప్పుడు, ఇలాంటివి పేదవాళ్లకు జరుగుతాయి గానీ ప్రొఫెసర్లకు జరగవని జాక్ నమ్మకం. పెట్రోలు కోసం కారు దిగిన రెండున్నర నిమిషాల్లో ఆ గాలి అతనికీ తగుల్తుంది. ఈ నవల బయటికొచ్చేసరికి భోపాల్ జరిగి రెండు నెలలు కాలేదు. అక్కడ కార్ఖానా పక్కన ఉన్నవి పేదల బస్తీలే. 2020 మే 7న విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకైనప్పుడు వెంకటాపురంలో నిద్రలో ఉన్నవాళ్లూ ప్రొఫెసర్లు కారు. జాక్ లెక్క పుస్తకంలో తప్పింది గానీ లోకంలో ఇంకా నడుస్తోంది.

మేం రెండు వారాలు ఆగిపోయిన చోటు వేరు. చావు భయం పోగొట్టే మాత్రల కోసం జాక్ భార్య బాబెట్ రహస్యంగా తన ఒంటినే ధరగా చెల్లిస్తుంది. జాక్ స్నేహితుడొకడు అతనికి ఒక సిద్ధాంతం చెప్తాడు: మనుషులు రెండు రకాలు, చంపేవాళ్లు, చచ్చేవాళ్లు, ఇంకొకడి చావు మన చావును వెనక్కి నెడుతుంది. జాక్ పిస్తోలు పట్టుకుని ఆ మాత్రలవాడి దగ్గరికి పోతాడు.

ఈ సిద్ధాంతం మేం పుస్తకంలో కన్నా ముందే చూశాం. 2020 మార్చి 25, ఉగాది రోజునే దేశానికి తాళం పడింది. ఏప్రిల్ వచ్చేసరికి దేశం భయమంతా నిజాముద్దీన్ మర్కజ్ మీదికి, అక్కణ్ణుంచి మా టోపీల మీదికి, బురఖాల మీదికి చేరింది. మాలో ఒకతని అమ్మీ షుగరు మాత్రల కోసం పోతే షాపువాడు దూరం జరగమన్నాడు. దూరం అందరికీ చెప్పాల్సిందే. అక్కడ ఆమెకొక్కదానికే చెప్పాడు. అదే ఏప్రిల్లో, ఏ మతమని అడక్కుండా పేదలకు వైద్యం చేసిన కర్నూలు ‘రెండు రూపాయల డాక్టర్’ ఇస్మాయిల్ హుస్సేన్ సాహెబ్ కోవిడ్‌తో పోయారు. ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ తబ్లీగీల మీది కేసులు కొట్టేస్తూ, వాళ్లను బలిపశువుల్ని చేశారంది. మందుల షాపులో ఆ తీర్పు ఎవరు చదువుతారు?

ఇంతవరకూ రాయడం మాకు తేలికే. మా మొహల్లాలో ఒకాయన తబ్లీగ్‌కు తిరిగేవాడు. ఆ నెలలో ఆయన సలాం చెప్తే మేం ముఖం తిప్పుకున్నాం. ఆఫీసులో, ఫోన్లో, “మేం ఆ రకం ముస్లింలం కాదు” అన్నాం. ఆ మాట అన్నది చదువుకున్నవాళ్లమే, సెక్యులర్ అనిపించుకునేవాళ్లమే. దేశం మా మీదికి తోసిన భయాన్ని మేం ఇంకో ఇంటి గుమ్మం ముందు దించి వచ్చాం. పిస్తోలు లేదన్న మాటే గానీ జాక్ చేసిందే మేమూ చేశాం.

కైరుప్పల దోస్తు ఒప్పుకోలేదు. వాళ్ల ఊళ్లో ఉగాది మర్నాడు జనం రెండు పక్షాలై పిడకలతో కొట్టుకుంటారు. వీరభద్రస్వామికీ కాళికాదేవికీ ప్రేమలో వచ్చిన తగాదా అని కథ. దెబ్బ తగిలితే గుళ్లో విభూతి రాసుకుంటారు, ఆఖర్న దేవుడి పెళ్లి చేస్తారు. “మా ఊళ్లో కొట్టేటోళ్లూ మేమే, తినేటోళ్లూ మేమే. మీ ప్రొఫెసరు లెక్క ఆడ తెగదు భాయ్” అన్నాడు. పోలిక బాగుంది గానీ మాకు పూర్తిగా నచ్చలేదు. అక్కడ ఇద్దరి చేతుల్లోనూ పిడకలుంటాయి. 2020లో మా చేతిలో ఏముంది? ఆ తబ్లీగీ సాహెబ్ చేతిలో అసలేముంది?

2021లో రెండో అల వచ్చింది. మాలో ఒకతని అబ్బా ఇంట్లోనే కన్నుమూశారు. గుస్ల్ ఇవ్వడానికి చుట్టాలు గడప తొక్కలేదు. సగం రాత్రి తలుపు తట్టింది ఆయనే. నీళ్లు కాచమన్నాడు. కఫన్ తనే కత్తిరించాడు. ఏడాది కిందటి మాట ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు.

నవల చివర్లో ఒక నన్ ఉంటుంది. తమకు విశ్వాసం లేదనీ, లోకం కోసం ఉన్నట్టు నటిస్తున్నామనీ జాక్‌తో చెప్తుంది. మాలో ఇద్దరికి ఆమె చాలా నచ్చింది. ఆ రాత్రి తలుపు తట్టినాయనకు ఈ కథ చెప్తే ఏమంటాడో వినాలనిపించి పోయిన వారం ఆయన్నీ చదువుకు పిలిచాం. మాఫీ మాట అప్పుడూ మా నోట రాలేదు. నవలలు చదవడం జాయిజో కాదో ఇమాం సాబ్‌ను అడిగి, ఆదివారం వస్తానన్నాడు.