తెలియకపోవడం, తెలుసుకోకపోవడం

కంటికి కనిపించని లోపానికి మనము బాధ్యులమా? పాత వాహనమున్న ప్రతి కుటుంబం ఆలోచించవలసిన ప్రశ్న ఇది.

కారులో బ్రేకు పెడల్ నొక్కినప్పుడు ఆ ఒత్తిడిని చక్రాలకు చేర్చేది సన్నని ఉక్కు పైపులలోని బ్రేకు ఆయిల్. బండి అడుగున ఉండే ఆ పైపులు నీరు, బురద, ఉప్పు తగిలి ఏళ్ళ తరబడి తుప్పు పడతాయి. మెల్లగా నొక్కినంత కాలం తుప్పు పైపు కూడా పని చేస్తూనే ఉంటుంది. ఎవరో అడ్డం వచ్చి గట్టిగా నొక్కిననాడు పగిలిపోతుంది. అంటే, సరిగ్గా అవసరమైన క్షణంలోనే చేయి విడుస్తుంది.

అమెరికాలో మంచు పడే రాష్ట్రాలలో రోడ్లపై ఉప్పు చల్లుతారు. అందుచేత ఈ బాధ అక్కడ ఎక్కువ. జనరల్ మోటార్స్ వారి 1999 నుండి 2003 వరకు మోడళ్ళ ట్రక్కులు, పెద్ద కార్లు దాదాపు 50 లక్షల విషయమై అక్కడి ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ విచారణ జరిపి 2015 ఏప్రిల్‌లో ముగించింది. తయారీ లోపమని తేల్చలేదు. పాత బండ్లు గలవారు అడుగుభాగం కడిగించి, పైపులు పరీక్ష చేయించి, తుప్పు ఉంటే మార్పించుకోవాలని చెప్పింది.

తుప్పుకు తట్టుకునే పైపు కంపెనీ ముందే వేయవచ్చు కదా అని అడిగినవారున్నారు. అది న్యాయమైన ప్రశ్నే. అయినా రేపు ఉదయం ఆ బండి తాళం తీసేది సొంతదారుడే గదా!

తెలియకపోవడం వేరు, తెలుసుకోకపోవడం వేరు. నిర్గమకాండము 21వ అధ్యాయంలో పొడిచే ఎద్దును గూర్చిన చట్టం ఈ తేడానే చూపుతుంది. ఎద్దు గుణం తెలియని యజమాని నిర్దోషి. హెచ్చరిక విని కూడా దానిని కట్టివేయనివాడు దోషి. పెడల్ మెత్తబడినా, బండి కింద ఆయిల్ మరక కనిపించినా, ఎర్రలైటు వెలిగినా, "వచ్చే నెల చూద్దాంలే" అనుకుంటే ఆ హెచ్చరికను విననట్టు నటించడమే.

మరమ్మతుకు డబ్బులేని కుటుంబాలున్నాయి. వారి కష్టం నిజం. కాని ఆ అపాయాన్ని వారొక్కరే మోయరు. రోడ్డు దాటుతున్న ముసలమ్మ దానికి ఎన్నడూ ఒప్పుకోలేదు. అందుకే అలాంటి ఇంటిని మందలించి ఊరుకోక, ఖర్చులో చేయూతనివ్వడం ఇరుగుపొరుగువారి ధర్మం.

మన పిల్లలు ఎందరో అక్కడ చదువుకుంటూ చవకగా పాత కార్లు కొంటారు, చదువు ముగిశాక అమ్ముతారు. తుప్పు సంగతి దాచి ధర నిలుపుకోవడం తెలివి అనిపించవచ్చు. నిజానికది మన అపాయాన్ని డబ్బు తీసుకొని మరొకరికి అంటగట్టడమే. తల్లిదండ్రులారా, ఫోనులో "భోంచేశావా నాన్నా?" అని అడిగినట్టే, "బండి కింద మెకానిక్కుకు చూపించావా?" అని కూడా అడగండి.